ఎర పీతకు పేరు పెట్టారు

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు, వేలిముద్ర వేసేదాన్ని. అక్షరాలు వచ్చాక కూడా చాన్నాళ్ళు రాయలేదు. మా గెడ్డ గురించి బయట ఎవరికీ చెప్పకూడదని మా ఆడవాళ్ళందరం అనుకున్నాం. నోటితో చెప్పకూడదనుకున్నది కాగితం మీద పెట్టడం ఇంకా తప్పని నాకు భయం. ఇప్పుడు ఆ గెడ్డ ఎక్కడుందో అంకెలతో సహా అచ్చయిపోయింది. దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది నౌపడ దగ్గర ఊరు. ఎండలు ఉన్నన్నాళ్ళూ ఉప్పు మళ్ళలో పని చేస్తాం. వానలు మొదలయ్యాక ఆ పని ఉండదు. అప్పుడు మాకు గెడ్డే దిక్కు. ఉప్పు మళ్ళకు వెనకవైపు, సముద్రం పోటెత్తినప్పుడు నీళ్ళు నిండి, తర్వాత దిగిపోయే బురద కాలువ అది. నీళ్ళు దిగాక మేం బురదలోకి దిగి పీతల్ని పడతాం. బొటనవేలి గోరంత పీతలు. వండుకుందామన్నా వాటిలో ఏమీ ఉండదు. గాలం వేసే మగవాళ్ళు చేపలకు ఎరగా కొనుక్కుంటారు. వాటికి మేమెప్పుడూ వేరే పేరు పెట్టలేదు, ఎర పీతలంటాం.

వాటిని పట్టడానికి మాకొక పద్ధతి ఉంది. కన్నంలోంచి పీతను తియ్యగానే అది కరిచే పెద్ద కాలు విరిచేసి డబ్బాలో వేస్తాం. విరవకపోతే డబ్బాలో ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి, గాలానికి గుచ్చబోతే కరుస్తాయి. ఈ పని నాకు ఎవరు నేర్పారో గుర్తు లేదు. కళ్ళు ఎటు చూస్తున్నా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక ఒక అమ్మాయి వచ్చింది. పొద్దున్న పాసింజరులో విజయనగరం నుంచి దిగి, ఆటోలో ఉప్పు మళ్ళ దాకా వచ్చి, గట్టు మీద నడుచుకుంటూ గెడ్డ దగ్గరికి చేరింది. భుజానికి పెద్ద సంచీ. పైజామా మోకాళ్ళ దాకా మడిచింది. బురద ఒడ్డున నిలబడి ఫోను పైకెత్తి చాలాసేపు కదలకుండా ఉంది. తర్వాత ఏదో రాసుకుంది. నాలుగడుగులు జరిగి మళ్ళీ ఫోను ఎత్తింది.

మేం ఇలాంటిది ముందే చూశాం. కొన్నేళ్ళ కిందట నీళ్ళు కొలుస్తామని కొందరు వచ్చారు. మజ్జిగ అడిగి తాగారు, మా పిల్లలతో నవ్వుతూ మాట్లాడారు. వాళ్ళు వెళ్ళాక, మా గొడ్లు మేసే తంపర చిత్తడి నేలలో వరసగా రాళ్ళు లేచాయి. ఆ రాళ్ళు ఎవరివో ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు. రాళ్ళకు అవతల మా గొడ్లు మెయ్యడం మాత్రం ఆగిపోయింది.

మా వదిన, అంటే మా ఆయన అక్క, గొంతు పెద్దది. బురదలోంచే అరిచింది.

"ఏటమ్మా కొలుస్తన్నావు?"

"ఏటీ కొలవట్నేదత్తా. పీతల్ని సూత్తన్నాను."

"పీతల్ని సూడ్డానికి ఫోను ఆకాశం కేసి ఎత్తినావేటి? పైన ఎగురుతన్నాయా?"

ఆ పిల్ల నవ్వేసింది. "ఎక్కడ దొరికినాదో రాసుకోవాల కదా. ఈ జాగా ఎక్కడున్నాదో ఫోను సెప్తాది."

"ఎక్కడున్నాదో మాకు తెలుసు. నీకెందుకు తెలియాల?"

ఆ పిల్ల మా యాసలోనే మాట్లాడింది. విజయనగరం పిల్ల కాబట్టి మాట్లాడుతుంది, అందులో వింత లేదు. అయినా నాకు అది కూడా అనుమానంగానే తోచింది. మజ్జిగ తాగి వెళ్ళినవాళ్ళు కూడా మమ్మల్ని అప్పా, మావా అనే పిలిచారు.

తను కాలేజీలో పాఠాలు చెబుతుందట. పీతల మీద పెద్ద చదువు చదువుతోందట. సంచీలోంచి చిన్న చిన్న సీసాలు తీసింది. వాటిలో నీళ్ళలా తెల్లగా ఏదో ఉంది. వదిన ఒక సీసా మూత తీసి వాసన చూసి నాకు అందించింది.

"సారాయే ఇది."

"సారా కాదత్తా, స్పిరిట్టు. పీత కుళ్ళిపోకుండా ఇందులో ఏస్తాం."

"బతికున్నోళ్ళకి దొరకట్నేదు గానీ సచ్చిన పీతకి సారా పోస్తన్నారే" అంది వదిన. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేను నవ్వలేదు.

వెళ్ళేముందు ఒక సాయం అడిగింది. తను మళ్ళీ వస్తానని, అప్పటికి కొన్ని పీతలు పట్టి ఉంచమని, మగవి ఎక్కువ కావాలని చెప్పింది. మగ పీత ఏదో ఆడ పీత ఏదో పొట్ట కింద మూత చూస్తే మాకు తెలుస్తుంది. కానీ మగవే ఎందుకు? ఎర కొనేవాళ్ళు ఏనాడూ ఆ తేడా అడగలేదు. ఇంటికి నడుస్తూ ఆడవాళ్ళందరం ఇదే మాట్లాడుకున్నాం. చివరికి ఒక డబ్బా నింపి ఆమె చేతిలో పెట్టేద్దామని, మళ్ళీ మళ్ళీ వచ్చే పని లేకుండా చేద్దామని అనుకున్నాం. పీతలు బాగా ఉండే పాత తూము మలుపు మాత్రం చూపించకూడదనుకున్నాం.

అన్నట్టే డబ్బా నిండా పట్టాం. ఆ అమ్మాయి వచ్చి తెల్ల పళ్ళెంలో పోసుకుని కూచుంది. ఒకదాన్ని తిప్పి చూసింది. ఇంకోదాన్ని చూసింది. తర్వాత వేళ్ళతో అన్నిటినీ కెలికింది.

"అత్తా, కాళ్ళేవీ?"

"ఏ కాళ్ళు?"

"పెద్ద కాళ్ళు. ఒక్కదానికీ నేవు."

"విరిసీసినాం. కరవవా మరి?" అన్నాను.

"నాకు అవే కావాల. అవి నేకపోతే ఇది ఏ రకమో రాయడం అవదు."

ముందే ఎందుకు చెప్పలేదని నేనడిగాను. పీతను పట్టమంటే కాలు విరుస్తారని తనకేం తెలుసని ఆమె అంది. ఇద్దరి మాటా నిజమే. కాలు విరిచిన పీత వాళ్ళకు పీతే కాదని మాకు తెలియదు. కాలు ఉన్న పీతను డబ్బాలో వేసే మనిషి మా ఊళ్ళో లేదని ఆమెకు తెలియదు. అయితే ఆ రోజు నాకు అలా అనిపించలేదు. వదిన నా చెవిలో అన్న మాటే నిజమనిపించింది.

"డబ్బాడు పీతలు తెచ్చిస్తే వద్దంటన్నాది. దీనికి కావాల్సింది పీతలు కాదే. జాగా."

ఆ పిల్ల ఆ కుప్పలోంచే కొన్ని ఏరి సీసాల్లో వేసుకుంది. ఒక్కొక్క సీసాలో ఒక చిన్న చీటీ కూడా వేసింది. చీటీ మీద పెన్సిలుతో రాసింది. పెన్నుతో రాస్తే స్పిరిట్టులో సిరా కరిగిపోతుందట.

"ఏటి రాసినావు?"

"ఊరి పేరు, తేదీ, పట్టినోళ్ళు ఎవరో. అంతే."

అంతేనో కాదో నాకెలా తెలుస్తుంది? పీతకు అతుక్కుని సీసా లోపల ఆ చీటీ కనబడుతూనే ఉంది. దాని మీద గీతలూ కనబడుతున్నాయి. మా గెడ్డను ఎవరికో రాసిచ్చేసినా నేను అలాగే గుడ్లప్పగించి చూస్తూ ఉంటాను. రాళ్ళు పాతినప్పుడు కూడా ఏదో కాగితం చూపించారు. దానికేసి కూడా ఇలాగే చూశాం.

నేను అక్షరాలు నేర్చుకోవడానికి కారణం ఆ చీటీ.

మా ఊరి చర్చిలో పాస్టరమ్మగారు ఆదివారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతారు, పాటల పుస్తకం చూసి పాడుకోవడానికి. మేం చర్చివాళ్ళం కాదు. నేను వెళ్ళి వెనక కూచుంటే ఆవిడ కూడా నన్ను కాస్త అనుమానంగానే చూశారు. కానీ పలక ఇచ్చారు. మా వదిన రెండో వారానికే నిలదీసింది.

"దేవుణ్ణి మార్సీసినావేటే?"

"దేవుణ్ణి కాదు వదినా. ఆ పిల్ల సీటీ సదవాల."

"సీటీ కోసం చర్చికా! మా తమ్ముడికి తెలుసా?"

ఆయనకు తెలుసు. ఆయనకూ అనుమానమే. ఉప్పుకు పగిలిన వేళ్ళలో బలపం నిలిచేది కాదు. ఒత్తులు వచ్చినచోట ఏడుపొచ్చేది. కోటబొమ్మాళి వెళ్ళే బస్సు మీద పేరు నాకు నేనే చదువుకుని ఎక్కిన రోజు, లోపలికి వెళ్ళి కూచున్నాక, ఇది కోటబొమ్మాళి వెళ్తుందా అని కండక్టరును అడిగాను. నా చదువు మీద నాకే నమ్మకం లేదు.

మరుసటి ఏడాది వానలకు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి సీసా నేనే అడిగి తీసుకున్నాను. వెలుతురుకు పెట్టి చూశాను. ఒక్క అక్షరం కూడా తెలియలేదు.

"ఇదేటి?"

"ఇంగ్లీసత్తా."

తెలుగు పిల్ల, మా గట్టు మీద కూచుని, మా చేతుల్లోంచి తీసుకున్న పీతకు ఇంగ్లీషు చీటీ వేస్తుందని నాకు తట్టనే లేదు. ఏడాది పాటు పడిన కష్టం బూడిదలో పోసినట్టయింది. గట్టిగానే అడిగాను.

"తెలుగులో రాస్తే ఏటి?"

"అన్ని దేశాలోళ్ళూ సదవాల కదత్తా."

"అన్ని దేశాలోళ్ళూ మా గెడ్డ గురించి ఎందుకు సదవాల?"

ఆ అమ్మాయి సంచీ దించి గట్టు మీద చతికిలబడింది. నన్నూ వదిననూ కూచోమంది. అప్పుడు మొదటిసారి పూర్తిగా చెప్పింది. మా ఎర పీత లాంటి పీత ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ లేదట. అది కొత్త రకమని తను అనుకుంటోందట.

"కొత్తదా? మాయమ్మ కూడా దీన్నే పట్టీది" అన్నాను.

"మీకు పాతదే. రాసినోళ్ళు నేరు, అందుకని కొత్తది."

మా అమ్మ కాలం నుంచి ఉన్నదాన్ని కొత్తదంటే ఎవరికైనా అనుమానం రాదా? ఆమె భూతద్దం ఇచ్చి చూడమంది. కాళ్ళ మీద వెంట్రుకల వరస చూపించింది. మేం నిరుడు ఇచ్చిన కాలు విరిగిన మగ పీతను ఒకదాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట మూత సూదితో ఎత్తి, అందులో వంకరగా ఉన్న చిన్న పుల్లలాంటిదాన్ని చూపించింది. ఒడిశా వైపు దొరికే పీతలకు అది ఇలా వంగి ఉండదట. ఆ వంపును బట్టే రకాన్ని గుర్తుపడతారట. మగవే ఎందుకు కావాలో అప్పటికి అర్థమైంది. వదినకూ అర్థమైంది.

"ఓలమ్మో! ఇంత సదువూ సదివి నువ్వు సూసేది ఇదేటే! మీయమ్మకి తెలుసా?"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది కానీ అద్దం దించలేదు. ఇంకా చెప్పింది. కొత్త రకానికి పేరు పెట్టేటప్పుడు, అన్ని కాళ్ళూ సరిగ్గా ఉన్న మగ పీతను ఒక్కదాన్ని ఎంచి, పెద్ద సంగ్రహాలయంలో దాచిపెడతారట. ఆ పేరుకు ఆ పీతే సాక్షి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్ళి దాన్ని తీసి చూసుకోవచ్చు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. వాళ్ళూ ఒకరినొకరు నమ్మరన్నమాట.

"ఒడిశాలో ఇంకో జట్టు కూడా ఈ రకం పీతల మీదే పని సేస్తన్నారు. ఆల్లకి దొరికిందేమో నాకు తెలీదు. ముందు అచ్చేసినోళ్ళ మాటే నిలుస్తాదత్తా. ఎనక రాసినోళ్ళు ఎంత నిజం రాసినా దానికి లెక్క నేదు. నాకు ఒక్క మగ పీత కావాల. కాళ్ళన్నీ ఉన్నది."

అంతదాకా తనొక్కతే గెడ్డంతా వెతుక్కుంది. దొరికినవన్నీ ఆడవో, పిల్లలో. పాత తూము మలుపు ఆమెకు తెలియదు.

"జాగా రాయకుండా రాయి, సూపిస్తాను" అన్నాను.

"జాగా నేకుండా రాస్తే ఎవులూ నమ్మరు."

"పక్షులు వాలే ఊళ్ళో ఎవులూ నీళ్ళలోకి దిగకూడదని బోర్డెట్టినారు, తెలుసా? ఇక్కడా పీత కోసమని బోర్డెడితే మా డబ్బాలు ఏటవుతాయి? వానాకాలం మేం ఏటి తినాల?"

"అలగ అవదత్తా."

"అవదని రాసిస్తావా?"

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "అది నా సేతుల్లో నేదు" అంది.

రాళ్ళవాళ్ళు అన్నిటికీ మాదీ హామీ అన్నారు. తన చేతుల్లో లేదని చెప్పినది ఈమే. ఆ ఒక్క మాటకు నేను కాస్త మెత్తబడ్డాను. అయినా ఊరికే ఇవ్వదలుచుకోలేదు.

"అయితే నువ్వు రాసేదాంట్లో మమ్మల్నీ రాయి. ఈ ఊరి ఆడోళ్ళు తల్లుల నాటి నుంచీ ఈ గెడ్డలో ఈ పీతల్ని పట్టుకుని బతుకుతన్నారని రాయి."

"రాస్తానత్తా. అలాటివి రాయడానికి అందులో సోటుంటాది."

వదిన లేచి వెళ్ళిపోయింది. నేను ఆ అమ్మాయిని తూము మలుపుకు తీసుకెళ్ళాను. అక్కడ బురద మొల దాకా ఉంటుంది. కన్నం చూసి చెయ్యి పెట్టాను. దొరికింది. బయటికి తీశాను, మగది. నా వేళ్ళు అప్పటికే పెద్ద కాలు మీద పడ్డాయి.

"అత్తా!" అని ఆ పిల్ల కేక పెట్టింది.

ఆగాను. అది నా చర్మాన్ని పట్టుకుని గట్టిగా నొక్కింది. అలాగే సీసా దాకా తీసుకెళ్ళాను.

సాయంత్రం వదిన మా వాకిట్లోకి కూడా రాలేదు. వీధిలో నిలబడే అంది, "ఒక్క పీతకి గెడ్డనమ్మీసినావే." చాలా నెలలు ఆ మాట నాతోనే ఉంది. తంపర వైపు జీపు కనబడితే చాలు, అది వెళ్ళేదాకా గట్టు మీదే నిలబడేదాన్ని. ఎవరైనా ఫోను పైకెత్తితే ఫొటో కోసమో, ఇంకెందుకోనని వెళ్ళి చూసేదాన్ని.

తర్వాతి వానాకాలం ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అచ్చయిన కాగితాలు తెచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఒడిశావాళ్ళ కంటే ముందే వచ్చేసిందట. మొదటి కాగితం మీదే పీత బొమ్మ ఉంది. ఒక్కొక్క కాలు, కాలి మీద వెంట్రుకలు, అన్నీ గీశారు. ఎర పీత అంత పెద్దగా కనబడడం నాకు వింతగా అనిపించింది. అప్పటికి కోపం తగ్గి మజ్జిగ కోసమని వచ్చిన వదిన కూడా గిన్నె కింద పెట్టి ఒంగి చూసింది.

"పేరేటి ఎట్టినావు?"

"ఉప్పు అని అర్థం వచ్చీలాగ ఎట్టినాను."

"ఉప్పు పీతా? దీనికి ఇన్నేళ్ళా! నన్నడిగితే ఆ రోజే సెప్పీదాన్ని."

నేను కాగితాలు తిప్పాను. ఇంగ్లీషు నాకు రాదు, అంకెలు వచ్చు. ఒకచోట పెద్ద పెద్ద అంకెలు, మధ్యలో చుక్కలు ఉన్నాయి.

"ఇవేటి?"

"జాగా. తూము మలుపు."

"మేమెక్కడున్నాం?"

ఆమె ఇంకో కాగితం తీసి ఒక వరస మీద వేలు పెట్టింది. చదవమన్నాను. ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత తెలుగులో చెప్పింది. ఈ పీతను స్థానిక మత్స్యకారులు ఎరగా వాడతారు.

"అంతేనా?"

"అంతే అత్తా."

"ఆడోళ్ళేరీ? మా తల్లులేరీ? గాలమేసే మగోళ్ళు కొనుక్కుంటారు. పట్టేది మేం."

ఆమె ముఖంలో వెలుగు పోయింది. తను అంతా రాశానని, అచ్చుకు ముందు చూసే పెద్దలు దాన్ని పొట్టిగా చెయ్యమన్నారని, చేస్తే ఇలా మిగిలిందని చెప్పింది. మొదట రాసినది ఫోనులో తీసి చూపించింది. అదీ ఇంగ్లీషే. అందులో మేమున్నామని ఆమె అంటే ఉన్నట్టు. నమ్మానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నమ్మాలని మాత్రం ఉంది. అన్నం పెట్టాను, తింది. రైలుకు వేళయిందని లేచి, నా చేతులు పట్టుకుని, "తప్పయిపోయిందత్తా" అంది. నేను "పోయిరామ్మా" అన్నాను.

ఆమె గుమ్మం దిగగానే ఆ కాగితాలు పట్టుకుని పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు. ఆవిడా అదే చదివారు, మత్స్యకారులని. ఆ అమ్మాయి చెప్పడంలో అబద్ధం లేదు. జాగా మాత్రం జానెడు కూడా తేడా లేకుండా అచ్చులో ఉంది. అందులో మేం లేము.

ఇంటికి వచ్చి తెల్లకాగితాలు తీశాను. ముందు అచ్చేసినోళ్ళ మాటే నిలుస్తుందని ఆ పిల్లే చెప్పింది. పీత మాట అచ్చయిపోయింది. గెడ్డ మాట ఇంకా ఎవరూ రాయలేదు. ఎవరో రాయకముందే మేం రాయాలి. వదిన నా పక్కనే కూచుంది.

"ఏటి రాస్తన్నావే?"

"గెడ్డలో మనమున్నామని."

"ఎవులికి?"

"మన ఊరి సచివాలయంలో ఇస్తాను."

"ఆల్లు సదువుతారేటి?"

"సదవకపోతే పోనీ. ముద్దర పడాల. ఇంకోల్లది పడకముందు మనది పడాల."

వదిన కాగితం మీద వేలు పెట్టి, "తల్లుల నాటి నుంచీ అని ఎట్టు. అత్తల నాటి నుంచీ అని కూడా ఎట్టు. నేకపోతే మా అత్త పైనుంచి తిడతాది" అంది. పెట్టాను. ఒకే మాటలు రెండు కాగితాల మీద రాశాను. పొద్దు వాలేలోగా వదినే ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా వేలిముద్రలు వేయించుకొచ్చింది. సంతకం ఒక్కటే, నాది.

మర్నాడు పొద్దున్న గెడ్డలో నీళ్ళు దిగే వేళకు నేనూ వదినా సచివాలయంలో ఉన్నాం. బల్ల దగ్గరున్న అబ్బాయి కాగితం చూసి, సార్ వస్తారు, అక్కడ పెట్టి వెళ్ళండమ్మా అన్నాడు. పెట్టలేదు. సార్ వచ్చేదాకా మెట్ల మీద కూచున్నాం. ఆయన వచ్చి, నేను చేత్తో పట్టుకుని ఉండగానే కాగితం చదివి, ఇది ఎవరు రాశారని అడిగారు. నేనే అన్నాను. నన్నొకసారి, కాగితాన్నొకసారి చూశారు. సరే, ఇవ్వండన్నారు. రెండో కాగితం ముందు బల్ల మీద పరిచి, అందినట్టు దీని మీద ముద్ర వెయ్యండి, ఇది నా దగ్గర ఉంటుందని చెప్పాను. ఆయన విసుక్కుంటూనే ముద్ర కొట్టి, తేదీ వేసి, సంతకం చేశారు. నేను ముద్రలో మా ఊరి పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాను. తేదీ చదివాను. అప్పుడు మొదటి కాగితం చేతిలోంచి వదిలాను.